ఏసీ ఖర్చు ఎంత? సగటు రేటుతో గుణిస్తే జవాబు తప్పుతుంది

మే నెల కరెంటు బిల్లు చేతికి రాగానే చాలా ఇళ్లలో పంచాయితీ మొదలవుతుంది. ముందు పాత ఫ్రిజ్ మీద అనుమానం. తర్వాత చార్జర్లు ప్లగ్గులోనే వదిలేసే పిల్లల మీద. ఎటూ తేలకపోతే మీటర్ మీద. ఇంతమందిని అనుమానించినా అసలు సంగతి మాత్రం అరుదుగానే బయటపడుతుంది. ఏ వస్తువు నెలకు ఎంత ఖర్చు పెట్టిస్తోందో తేల్చడానికి అందరూ వేసే లెక్కలో సగమే సరైనది కావడం దీనికి కారణం.

ఆ సగం అందరికీ తెలిసిందే. వాట్లను గంటలతో గుణించి 1000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. 100 వాట్ల వస్తువు పది గంటలు నడిస్తే ఒక యూనిట్ కాలుతుంది. తేడా వచ్చేది ఆ యూనిట్లను రూపాయల్లోకి మార్చే దగ్గర. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి, వచ్చిన సగటు రేటుతో గుణించేస్తారు. వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే శ్లాబులున్న చోట ఈ సగటు రేటుకు ఏ వస్తువూ నడవదు. ఇంట్లోకి కొత్తగా ఏసీ వచ్చిందంటే దాని యూనిట్లన్నీ అప్పటికే ఉన్న వాడకం మీదకు ఎక్కి కూర్చుంటాయి, అంటే పై శ్లాబు రేటులో పడతాయి. అందుకే ఒక వస్తువు ఖర్చు తెలియాలంటే రెండు బిల్లులు వేసుకోవాలి, అది ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని. ఆ రెండింటి తేడాయే దాని నిజమైన ఖర్చు.

ఒకే రకం ఇల్లు విజయవాడలో ఒకటి, ఖమ్మంలో ఒకటి ఉన్నాయనుకుందాం. ఏసీ లేకుండా రెండూ నెలకు 150 యూనిట్లు వాడతాయి. ఎండాకాలంలో రాత్రిపూట ఏసీ వేస్తే మరో 120 యూనిట్లు కలుస్తాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 టారిఫ్‌తో వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ.1.90, అక్కడి నుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా రూ.4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. ఈ రేట్లతో విజయవాడ ఇంటికి 150 యూనిట్లకు ఎనర్జీ చార్జీలు 567 రూపాయలు, 270 యూనిట్లకు రూ.1,410.75. అంటే ఏసీకి దాదాపు 844 రూపాయలు, యూనిట్‌కు ఏడు రూపాయల పైచిలుకు. అదే సగటు రేటు పట్టుకుని ఉంటే యూనిట్ రూ.5.22 చొప్పున 627 రూపాయలే తేలేది. నెలకు 217 రూపాయలు లెక్కలోంచి మాయమయ్యేవి.

తెలంగాణ పద్ధతి వేరు. అక్కడ నెల మొత్తం వాడకాన్ని బట్టి ఇల్లు ఏ కేటగిరీలో పడుతుందో ముందు తేలుతుంది. 2022-23 నుంచి నడుస్తున్న రేట్ల ప్రకారం 100 యూనిట్ల లోపు ఇంటికి మొదటి 50కి రూ.1.95, తర్వాతి 50కి రూ.3.10. వాడకం 100 దాటి 200 లోపుంటే మొదటి వందకు రూ.3.40, రెండో వందకు రూ.4.80. 200 దాటితే ఆ మొదటి 200 యూనిట్లకే యూనిట్ రూ.5.10 చొప్పున పడుతుంది, ఆపైన 300 దాకా రూ.7.70. ఖమ్మం ఇంటికి ఏసీ లేకుండా 580 రూపాయలు, ఏసీతో 1,559. తేడా 979, అంటే ఏసీ కాల్చిన ఒక్కో యూనిట్ ఎనిమిది రూపాయలు దాటింది. ఏసీ వేయడం వల్ల ఫ్యాన్లూ లైట్లూ వాడిన యూనిట్ల రేటు కూడా పెరిగింది. ఆ పెరుగుదల కూడా ఏసీ ఖాతాలోనే రాసుకోవాలి.

ఇవన్నీ ఎనర్జీ చార్జీలు మాత్రమే. ఫిక్స్‌డ్ చార్జీలు, విద్యుత్ సుంకం, ఆంధ్రలో ఇంధన సర్దుబాటు, ట్రూ అప్ (పాత ఖర్చుల లోటు వసూలు) వంటివి వేరే పడతాయి. యూనిట్‌కు ఇంత చొప్పున వేసే వాటిని పై రేట్లకు కలుపుకోవాలి. రేట్లు మారినా పద్ధతి మారదు, కొత్త శ్లాబులతో అవే రెండు బిల్లులు వేసుకుంటే చాలు.

తెలంగాణలో 200వ యూనిట్ దగ్గర ఉన్న మెట్టు సంగతి ఇంకాస్త దగ్గరగా చూడాలి. 200 యూనిట్లకు ఎనర్జీ చార్జీలు 820 రూపాయలు. 201 యూనిట్లకు రూ.1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. వంద దగ్గర కూడా ఇలాంటి మెట్టే ఉంది. 100కు రూ.252.50 అయితే 101కి రూ.344.80. 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి జీరో బిల్లు అందుకుంటున్న ఇళ్లకు ఈ మెట్టు మరీ ఎత్తు. 195 యూనిట్లకు సున్నా, 205 యూనిట్లకు ఎనర్జీ చార్జీలే రూ.1,058.50, మిగతావి దానికి అదనం. పది యూనిట్లంటే ఎంత? ఒక మామూలు సీలింగ్ ఫ్యాన్ ఐదారు రోజుల పొడుగునా ఆగకుండా తిరిగితే అయ్యేంత, మూడు రాత్రులు కూడా నిండని ఏసీ వాడకం. నెల మధ్యలో ఒకసారి మీటర్ వైపు చూసి ఉంటే తప్పిపోయే భారం ఇది. రోజువారీ కూలి మీద బతికే కుటుంబానికి వెయ్యి రూపాయలు చిన్న మొత్తం కాదు. అందుకే ఈ మెట్టు ఎక్కడుందో ప్రతి బిల్లు మీదా కొట్టొచ్చినట్టు రాయాలి.

యూనిట్లు కనుక్కోవడం ఎలా

వస్తువు వెనక అతికించిన వాట్ల అంకె అన్నింటికీ ఒకేలా పనికిరాదు. ఫ్యాన్, బల్బు, టీవీ లాంటివి నడిచినంతసేపూ దాదాపు ఒకే తీరున కరెంటు తీసుకుంటాయి కాబట్టి వాటికి ఆ అంకె సరిపోతుంది. ఫ్రిజ్, ఏసీ, ఇస్త్రీపెట్టె, గీజర్ మాత్రం ఆగుతూ నడుస్తూ ఉంటాయి. ఫ్రిజ్ 24 గంటలూ ప్లగ్గులో ఉన్నా కంప్రెసర్ అంతసేపూ నడవదు. దాని వాట్లను 24తో గుణిస్తే లేనిపోని టెన్షన్ తప్ప మరేమీ రాదు. ఫ్రిజ్‌కు నమ్మదగిన అంకె స్టార్ లేబుల్ మీదే ఉంటుంది. ఏడాదికి ఇన్ని యూనిట్లని రాస్తారు. 200 అని ఉంటే నెలకు 16, 17 యూనిట్లు. ఎండాకాలంలో, వంటింటి వేడిలో, గోడకు ఆనించి పెట్టిన ఫ్రిజ్‌కు కొంచెం ఎక్కువే అవుతుంది.

లేబుల్ చిరిగిపోయిన పాత ఫ్రిజ్ అయితే మీటరే చెబుతుంది. మెట్ల కింద ఉండే ఎలక్ట్రానిక్ మీటర్ మీద చిన్న ఎర్ర లైటు ఒకటి వెలిగి ఆరుతూ ఉంటుంది. ఎన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్టో మీటర్ ముఖం మీదే అచ్చు వేసి ఉంటుంది. ఉదాహరణకు 3200 అని ఉందనుకుంటే, లైటు ఒకసారి వెలగడమంటే మూడు వేల రెండువందల్లో ఒక వంతు యూనిట్ కాలిందని అర్థం. ఇంట్లో అన్నీ ఆపేసి, ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపేసి, ఫ్రిజ్ ఒక్కటే ఉంచాలి. ఫ్రిజ్‌లోంచి గుర్రుమనే చప్పుడు మొదలయ్యాక ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మీటర్ ముందు నిలబడాలి. పది వెలుగులకు 90 సెకన్లు పట్టిందనుకుందాం. పదిని 3200తో భాగించి, 90 సెకన్లను గంటకు పెంచితే 125 వాట్లు వస్తుంది. కంప్రెసర్ ఆగిన మరుక్షణం ఆ లైటు దాదాపు నిద్రపోతుంది. అప్పుడు కూడా అది గబగబా కొట్టుకుంటుంటే ఇంట్లో ఆపని వస్తువు ఇంకేదో ఉందన్నమాట. బోరు మోటారో, పై అంతస్తులో మరిచిపోయిన గీజరో అయి ఉండొచ్చు.

ఇంతకన్నా తేలిక మార్గం ఊరెళ్లినప్పుడు దొరుకుతుంది. సంక్రాంతికి మూడు రోజులు వెళ్తూ ఫ్రిజ్ మినహా అన్నీ కట్టేసి, తాళం వేసే ముందు ఒకసారి, తిరిగొచ్చాక స్విచ్చులేవీ వేయకముందే మరోసారి మీటర్ రీడింగ్ ఫొటో తీసుకుంటే చాలు. తేడా రెండు యూనిట్లు ఉంటే ఫ్రిజ్ నెలకు ఇరవై యూనిట్లు వాడుతోందని తేలిపోతుంది. తలుపు తీయని రోజులు కాబట్టి కాస్త కలుపుకోవాలి. అదే తేడా ఆరేడు యూనిట్లు వస్తే డోర్ రబ్బరు చూపించుకోవాల్సిందే.

నీళ్లు కాచే లెక్క అన్నిటికన్నా సూటిగా ఉంటుంది, అందులో కంపెనీ, మోడల్ ప్రసక్తే లేదు. 20 లీటర్ల బకెట్ నీళ్లను 25 డిగ్రీల నుంచి స్నానానికి సరిపోయే 40 డిగ్రీలకు తేవాలంటే సుమారు 0.35 యూనిట్ కావాలి. రాడ్డుతో కాచినా, గీజర్‌తో కాచినా అంతే. రాడ్డు కరెంటు ఎక్కువ తాగుతుందా, గీజరా అన్న వాదనకు అర్థం లేదు. కాగేవి అవే నీళ్లు, కావాల్సింది అంతే వేడి. 1500 వాట్ల రాడ్డుకు ఆ పనికి 14 నిమిషాలు పడుతుంది, 2000 వాట్ల గీజర్‌కు పదిన్నర. తేడా మిగిలిన చోట్ల ఉంది. గీజర్ స్విచ్ రోజంతా వేసి వదిలేస్తే ట్యాంకులో వేడి నెమ్మదిగా తగ్గుతూ, థర్మోస్టాట్ మళ్లీ మళ్లీ అందుకుంటూ, ఎవరూ స్నానం చేయకపోయినా రోజుకు అర యూనిట్ అటూఇటూ పోతుంది. రాడ్డుకు ఆ నష్టం లేదు. కానీ స్విచ్ తీయకుండా బకెట్‌లో చెయ్యి పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. అర యూనిట్ కోసం రాడ్డుకు మారడం మంచి బేరం కాదు. నలుగురున్న ఇంట్లో రోజుకు నాలుగు బకెట్లయితే నెలకు 42 యూనిట్లు, చలికాలంలో నీళ్లు 20 డిగ్రీలకు దిగితే 56 దాకా.

ఏసీ, ఫ్యాన్, కూలర్

ఏసీ లేబుల్ మీద ఉండే ఏడాది యూనిట్లు 1600 గంటల వాడకానికి వేసినవి. అది తెలిస్తే మిగతాది చిన్న భాగహారం. 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీ మీద 800 యూనిట్లని ఉంటే సగటున గంటకు అర యూనిట్. రాత్రికి ఎనిమిది గంటలు, నెలకు 240 గంటలు వేస్తే 120 యూనిట్లు. పై లెక్కలో వాడినది ఇదే. అయితే ఆ సగటులో చల్లటి రోజులు కూడా కలిసి ఉంటాయి. మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో రెంటచింతలలోనో బయట 44 డిగ్రీలుండి, పైకప్పు శ్లాబు కాగిపోతుంటే అర యూనిట్‌తో గంట గడవదు. ఇన్వర్టర్ లేని పాత ఏసీ అయితే కంప్రెసర్ నడిచినంతసేపూ ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన తెచ్చారు. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 18లో పెట్టుకుని దుప్పటి కప్పుకునే అలవాటుకు, 25లో పెట్టి ఫ్యాన్ ఒకటిలో తిప్పుకోవడానికి మధ్య ఎంత తేడా వస్తుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

కూలర్ 180 వాట్లదైతే రాత్రికి పది గంటల చొప్పున నెలకు 54 యూనిట్లు, అంటే ఏసీలో సగం కన్నా తక్కువ. అనంతపురం, కర్నూలు, తెలంగాణ జిల్లాల పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో మాత్రం ఇంకో ఉక్కపోత తెచ్చిపెడుతుంది.

మన ఇళ్లలో అసలు పట్టించుకోని వస్తువు ఫ్యాన్. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా తీసుకుంటుంది. రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. అలాంటివి మూడుంటే నూటెనిమిది, అంటే ఫ్రిజ్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా అనుమానం ఫ్రిజ్ మీదే. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ అదే గాలికి 30 వాట్లతో సరిపెడుతుంది. ఒక్క ఫ్యాన్ మారిస్తే నెలకు 21.6 యూనిట్లు మిగులుతాయి. ఆ మిగులు విలువ ఎంతన్నది మళ్లీ ఇంటిని బట్టే. తెలంగాణలో గృహజ్యోతి వర్తించని ఇళ్లే తీసుకుంటే, నెలకు 90 యూనిట్లు వాడే ఇంటికి అది 67 రూపాయలు. 180 వాడే ఇంటికి 104. 215 వాడే ఇంటికి ఏకంగా 347 రూపాయలు, ఎందుకంటే ఆ ఒక్క ఫ్యాన్ ఆ ఇంటిని 200 మెట్టు కిందకి దించేస్తుంది. ఫ్యాన్‌కు 1,500 ఎక్కువ పెట్టాల్సి వచ్చిందనుకుంటే మొదటి ఇంటికి ఆ డబ్బు తిరిగి రావడానికి 22 నెలలకు పైగా, చివరి ఇంటికి నాలుగున్నర నెలల్లోపు. షాపువాడు అందరికీ ఒకే మాట చెబుతాడు, "ఆరు నెలల్లో డబ్బులొచ్చేస్తాయ్" అని. ఎవరి ఇంటికి వస్తాయో ఆ ఇంటి బిల్లే చెప్పాలి.

పాత ఫ్యాన్లకు పెట్టెలాంటి బరువైన రెగ్యులేటర్ ఇంకా ఉంటే, స్పీడు తగ్గించినా ఆదా నామమాత్రమే. ఫ్యాన్ వద్దన్న కరెంటును అది వేడిగా మార్చేస్తుంది. చెయ్యి ఆనించి చూస్తే తెలుస్తుంది.

భయపడాల్సిన పని లేనివి కూడా ఉన్నాయి. మిక్సీ 750 వాట్లు అని చూసి కంగారు పడేవాళ్లున్నారు. రోజుకు పది నిమిషాలు తిప్పినా నెలకు నాలుగు యూనిట్లు దాటదు. ఫోన్ రోజూ పూర్తిగా చార్జ్ చేసినా నెలకు ఒక యూనిట్ కూడా కాదు. వన్ హెచ్‌పీ మోటారు రోజుకు అరగంట నడిస్తే 16 యూనిట్ల చుట్టుపక్కల. ట్యాంకు నిండి పొర్లిపోయే ఇళ్లలోనే అది పెరుగుతుంది. చప్పుడు చేయకుండా కాల్చేది సెట్‌టాప్ బాక్స్. రిమోట్‌తో టీవీ ఆపినా పది వాట్ల చొప్పున తీసుకుంటూనే ఉంటే నెలకు ఏడు యూనిట్లు. పది వాట్ల వైఫై రౌటర్‌కు మరో ఏడు. ఫోన్ చార్జర్ పీకమని రోజూ పిల్లల్ని కసిరే బదులు పడుకునే ముందు సెట్‌టాప్ బాక్స్ స్విచ్ ఆపితే ఎక్కువ మిగులుతుంది.

గ్యాసా, ఇండక్షన్ స్టవ్వా అన్న ప్రశ్నకూ శ్లాబే జవాబు. 14.2 కిలోల సిలిండర్‌లో సుమారు 180 యూనిట్లకు సమానమైన వేడి ఉంటుంది. అందులో మూడో వంతుకు పైగా గిన్నెకు అందకుండా పక్కల నుంచి పోతుంది. ఇండక్షన్‌లో వృథా చాలా తక్కువ కాబట్టి ఒక సిలిండర్ చేసే వంటకు 130 యూనిట్లు అటూఇటూ సరిపోతాయి. ఆ యూనిట్లు ఆంధ్రలో ఆరు రూపాయల శ్లాబులో పడితే 780 రూపాయలు, రూ.8.75 శ్లాబులో పడితే 1,137. సిలిండర్ ధర ఈ రెండింటి మధ్య ఉంటే, ఏసీ ఉన్న ఇంట్లో ఎండాకాలం గ్యాస్, చలికాలం ఇండక్షన్ అన్న సర్దుబాటు వింతగా అనిపించినా లెక్కకు సరిగ్గానే నిలుస్తుంది.

ఈ తేడా పద్ధతితో ఒక జాగ్రత్త ఉంది. ఏది తీసేస్తే బిల్లు ఎంత తగ్గుతుందో అది చెబుతుంది. బిల్లును వస్తువుల మధ్య పంచడానికి మాత్రం పనికిరాదు, ఒక్కోదానికి విడిగా తేడా కట్టి అన్నీ కూడితే బిల్లు కన్నా ఎక్కువ తేలుతుంది. ఈ సంగతి సబ్‌మీటర్ ఉన్న ఇళ్లలో గొడవగా మారుతుంది. కింద ఓనర్, పైన అద్దెవాళ్లు, ఇద్దరికీ కలిపి ఒకటే సర్వీసు. ఒక్కొక్కరు 140 యూనిట్లు వాడారు. తెలంగాణ రేట్లతో 280 యూనిట్లకు ఎనర్జీ చార్జీలు 1,636 రూపాయలు. అద్దెవాళ్లు లేకపోతే నా బిల్లు 532 కదా, మిగతా 1,104 మీదే అంటారు ఓనర్. మాకు వేరే మీటరుంటే మాకూ 532 వచ్చేది అంటారు అద్దెవాళ్లు. లెక్క ప్రకారం ఇద్దరి మాటా నిజమే, అందుకే గొడవ తెగదు. చెరిసగం 818 పెట్టుకోవడమే న్యాయం. యూనిట్‌కు ఎనిమిది, పది రూపాయలని ముందే తేల్చి చెప్పే ఓనర్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి. రెండు సర్వీసులుంటే ఇద్దరికీ కలిపి 1,064 రూపాయలతో పోయేది. కస్టమర్ చార్జీలు రెండుసార్లు పడటం తీసేసినా నెలకు 450కి పైనే మిగులుతుంది. రెండో సర్వీసు కోసం పెట్టే డబ్బు ఒక్కసారి పెట్టేది, ఈ నష్టం మాత్రం నెలనెలా ఇద్దరూ మోస్తున్నది.